కొత్త ఆరాధన పాటల శ్రుతి అందడం లేదు, క్వయర్ నడిపేవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ వందనాలు. గుంటూరు జిల్లాలో ఒక పల్లె సంఘానికి పాస్టర్‌ని, అరవై దాటాయి. మా యూత్ యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్న పాటలు కీబోర్డు, రిథమ్ ప్యాడ్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ము)తో వాయిస్తున్నారు. పాటలు బాగున్నాయి, కొన్నయితే ఇంట్లో నేనే కూనిరాగం తీస్తుంటాను (మా ఆవిడ నవ్వుతుంది, అది వేరే సంగతి). మా పాత పాటల పుస్తకం ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట పైనే రాగం, తాళం ఉంటాయి, పల్లవి అందుకుంటే చాలు, పాతకాలపు కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారి చరణాలు మా ముసలమ్మలు పుస్తకం చూడకుండా పాడేస్తారు. కొత్తవాటికి మాత్రం స్టూడియోలో పాడినవాళ్ల శ్రుతే ఉంచేస్తున్నారు, రెండో చరణానికి నా గొంతు కీచుమంటుంది, సగం సంఘం నోరు మూసుకుని తెర వైపు చూస్తూ నిలబడుతుంది. పైగా ప్యాడ్ మోత మొదలైతే నాకు ‘స’, ‘శ’ లాంటివి అసలు పట్టుబడవు. వయసుతో ముందు వినికిడి తగ్గేది సన్నటి, అంటే హెచ్చు శ్రుతి శబ్దాలకేనని డాక్టరు అన్నారు.

కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే మీట) ఎంత దించితే ఆడా మగా అందరికీ అందుతుంది? సౌండ్ మిక్సర్‌లో ఏది తగ్గిస్తే మాటలు తేటగా వినిపిస్తాయి? ఇదంతా కుర్రాళ్లు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? "పాత పాటలే పాడుకోండి" అనే సలహా మాత్రం వద్దండీ.