ఎర్గాట్ విషానికి రక్తనాళాలు విప్పే మందు: వెంటనే ఎక్కించాలా, ఆగి చూడాలా?

కావలి_అబ్బాయి: మా అమ్మకు పార్శ్వనొప్పి. ఏళ్ళ తరబడి ఎర్గోటమిన్ (ఎర్గాట్ అనే బూజు నుంచి వచ్చిన మందు) వాడుతోంది. పోయిన నెల దగ్గుకు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంది. మూడో రోజుకు పాదాలు చల్లబడి, వేళ్ళు నేరేడుపండు రంగుకొచ్చాయి. నెల్లూరులో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే మాత్రలు ఆపి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి రాత్రంతా చూశారు. రక్తనాళాలు విప్పే నైట్రోప్రస్సైడ్ తెల్లారాక ఎక్కించారు. ముందే ఎక్కిస్తే ఏం పోయింది?

ఐసీయూ_అక్క (ఒంగోలు): అది సెలైన్ కాదు తమ్ముడూ. వెలుతురు తగిలితే చెడిపోతుందని సీసాకు రేకు చుట్టి ఎక్కిస్తాం. బీపీ నిమిషాల్లో పడిపోతుంది. మోతాదు పెరిగి ఎక్కువసేపు నడిస్తే ఒంట్లో సయనైడ్ చేరుతుంది. అన్నిటికంటే ముందు మాత్ర ఆపాలి. తేలిక కేసుల్లో నిఫెడిపిన్ (ఇదీ రక్తనాళాలు విప్పేదే, నోటితో వేసుకునేది) తోనే సర్దుకుంటుంది. ఆ రాత్రి బీపీ ఎంత?

ఉదయగిరి_రైతు: ఎర్గాట్ అంటే మా సజ్జకు పట్టే తేనెబంక తెగులే గదా. కంకి నుంచి బంక కారుతుంది, తర్వాత నల్లగింజలు పుడతాయి. విత్తనాలు ఉప్పునీళ్ళలో పోసి తేలినవి తీసేస్తాం. మా నాయన అట్టాంటి సజ్జ తిని వాంతులు చేసుకున్నాడు, కళ్ళు తిరిగి పడ్డాడు. కాళ్ళకేం కాలా. ఏ మందూ ఎక్కించలేదు, లేచాడు.

ఐసీయూ_అక్క: పెద్దాయనా, సజ్జ బూజు వేరు, రై (గోధుమలాంటి ధాన్యం) పైరుకు పట్టే బూజు వేరు. 1975లో రాజస్థాన్‌లో సజ్జతో వచ్చినవీ వాంతులూ మగతే. రక్తనాళాలు బిగించేది రై బూజు నుంచి వచ్చిన ఎర్గోటమిన్. రెంటినీ కలపొద్దు.

కావలి_అబ్బాయి: సజ్జలెందుకు ఇక్కడ? బీపీ పైది 110. చాలదా? ఎడమ చిటికెన వేలు నల్లబడిపోయింది. మీరు ఆసుపత్రోళ్ళను వెనకేసుకొస్తున్నారు.

నెల్లూరు_బావ: 110 ఉంటే ఎక్కించొచ్చుగా?

ఐసీయూ_అక్క: ఎక్కించొచ్చు, పక్కన మానిటరూ మనిషీ ఉంటే. ఆ రాత్రి ఐసీయూ పడక దొరికిందా?

కావలి_అబ్బాయి: లేదు. వార్డులోనే ఉంచారు. తెల్లారి దొరికింది.

ఐసీయూ_అక్క: మరి ఆలస్యం అక్కడ జరిగింది. నా ప్రశ్న వేరే. క్లారిత్రోమైసిన్ కాలేయంలో ఎర్గోటమిన్ విరగకుండా ఆపేస్తుంది, అది రక్తంలో పేరుకుంటుంది. అందుకే ఆ రెండూ కలవకూడదు. అమ్మ ఏ మాత్రలు వాడుతోందని రాసినాయన అడగలేదా?

కావలి_అబ్బాయి: ఎవరూ రాయలేదు. మెడికల్ షాపులో నేనే అడిగి తెచ్చా. వాళ్ళూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ రాత్రంతా అమ్మ పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా. అప్పుడే మందు ఎక్కించి ఉంటే నా తప్పు సరిపోయేదేమో అనిపిస్తోంది.

ఉదయగిరి_రైతు: అబ్బయా, ఊరుకో. అమ్మ నడుస్తుందా?

కావలి_అబ్బాయి: నడుస్తోంది. కుడికాలు మామూలైంది.

ఐసీయూ_అక్క: ఎర్గోటమిన్ ఇక వద్దని ఆసుపత్రి కాగితం మీద రాయించుకో. ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా అదే ముందు చూపించు. ఇంట్లో మిగిలిన స్ట్రిప్పు ఉందా?

కావలి_అబ్బాయి: పోపులపెట్టెలో 2 మాత్రలున్నాయి అక్కా. ఇప్పుడే తీశా.