అప్‌డేట్: ఉంగరపు వేలు దారికొచ్చింది (క్లాసికల్ గిటార్, కుడి చేయి)

ముందు నేనడిగింది ఇదీ: బొటనవేలు, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్లతో వరసగా ఆర్పెజియో (కలిపి మోగించే స్వరాల గుంపుని, అంటే కార్డుని, ఒక్కో స్వరంగా విడదీయడం) వాయిస్తుంటే ఉంగరపు వేలి నోట్ పీలగా వస్తోంది, చెయ్యంతా ఎగురుతోంది, ఏం చేయాలి అని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

అన్నిటికంటే పనిచేసింది ప్లాంటింగ్. బొటనవేలు బాస్ తీగ మీటే క్షణంలోనే మిగతా మూడు వేళ్లూ మూడు, రెండు, ఒకటో తీగల మీద వాలాలి. తర్వాత ఒక్కోటీ అక్కణ్ణుంచే మీటాలి. ఆనుకోడానికి చోటు దొరికేసరికి చెయ్యి ఎగరడం దానంతటదే తగ్గింది. కదలిక అరచేతి దగ్గరి పెద్ద కణుపు నుంచి రావాలని ఒకరన్నారు, అదీ నిజమే. వేలి కొసతో పైకి లాగితే తీగ ఫ్రెట్లకి (గిటార్ మెడ మీది లోహపు పట్టీలకి) కొట్టుకుని టప్‌మంటోంది.

గోళ్లు మరీ పెంచక్కర్లేదు. అరచేతి వైపు నుంచి చూస్తే కండ మీద కాస్త కనిపిస్తే నాకు సరిపోయింది. ఫైల్ చేశాక సన్నటి గరుకు కాగితంతో అంచు నున్నగా రుద్దుతున్నా. గోరు తీగకి రాసుకుని వచ్చే గరగర శబ్దం పోయింది.

ఇటలీ గిటార్ విద్వాంసుడు జూలియాని రాసిన 120 కుడిచేతి ఎక్సర్‌సైజులూ మొదలుపెట్టా. 1812 నాటివి, అన్నీ సి, జి7 కార్డుల మీదే కాబట్టి ఎడమ చేతికి పెద్ద పనుండదు. బోరే, కానీ కుడి చేతి లోపాలు దాక్కోవు. ఇంట్లోవాళ్లకి మాత్రం పాపం, పొద్దస్తమానం అదే వినాలి.

ట్రెమోలో (ఒకే తీగని వేళ్లు మార్చి మార్చి వేగంగా మీటడం) ఇంకా కుంటుతోంది. ఉంగరపు, మధ్య, చూపుడు వేళ్లు సమానంగా పడట్లేదు. స్టకాటోలో (ఒక్కో నోట్‌నీ పొట్టిగా తెంపుతూ) నెమ్మదిగా చేయమన్నారు, ప్రస్తుతం అదే పనిలో ఉన్నా.