కువైట్ యాంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్: పది వైర్లు, ఒక్క గుర్తూ లేదు

సీమ_స్పీకర్ (కడప)
మా మేనమామ ఎప్పుడో కువైట్ నుంచి తెచ్చిన యాంప్లిఫయర్ ఇది. బోర్డు పోయింది, ట్రాన్స్‌ఫార్మర్ మిగిలింది. వెనక 110, 220 మార్చే స్విచ్చు ఉండేది. దాన్ని ఊడదీసేటప్పుడు మా తమ్ముడు వైర్లన్నీ కటింగ్ ప్లేయరుతో కత్తిరించేశాడు. మీద స్టిక్కరు లేదు. బరువు దాదాపు మూడు కిలోలు. మీటరులో చూసినవి ఇవి: నలుపు, ఎరుపు మధ్య 3.8 ఓంలు. తెలుపు, గోధుమ మధ్య 4.2. రెండు లావు పసుపు వైర్ల మధ్య 1.1, నీలం నుంచి ఒక్కో పసుపుకు 0.7. సన్న నారింజ వైర్లు రెండు, 1.9. ఆకుపచ్చ ఒకటి దేనికీ తగలడం లేదు. ప్రోబులు రెండూ ఆనిస్తే మీటరే 0.3 చూపిస్తోంది.
230 ఎక్కడ ఇవ్వాలి? ఇది టీడీఏ7294 అనే యాంప్లిఫయర్ ఐసీతో చేసిన స్టీరియో బోర్డుకు సరిపోతుందా? వినాయక చవితికి పది రోజులే ఉంది.

డెక్‌సెట్_94
ఇందులో అడగడానికి ఏముంది తమ్ముడూ. ఎరుపు, నలుపు అంటే కరెంటు వైర్లే. ప్లగ్గు తగిలించి చూడు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడే 2ఎన్3055 ట్రాన్సిస్టర్ల యాంప్లిఫయర్ బోర్డు కట్టాను, అప్పుడు మీటరు కూడా లేదు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)
సీమ_స్పీకర్, పెట్టొద్దు! ఆ మాట వినొద్దు! రంగును నమ్మి చేసే పని కాదిది. ఒక్కో కంపెనీ తన చేతికి దొరికిన రంగు వాడుకుంటుంది. నేను 22 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఇలాంటి గల్ఫ్ సెట్టుకే ఒకాయన ఎరుపు, నలుపు అని 230 పెట్టి నా దగ్గరికి తెచ్చాడు. వార్నిషు కాలిన వాసన గది నిండా, కాయిలు నల్లబొగ్గు. 3.8, 4.2 అని దగ్గర దగ్గరగా రెండు కాయిళ్లు ఉన్నాయంటే అవి రెండూ 110వి. పైన చుట్టిన దానికి తీగ పొడుగు ఎక్కువ పడుతుంది కాబట్టి ఓంలు కొంచెం ఎక్కువ. ఒక్కదానికే 230 ఇస్తే లోపలి ఇనుప కోరు తట్టుకోదు. రెండూ సిరీస్‌లో, అంటే ఒకదాని కొసకు ఇంకొకటి వరసగా కలపాలి.

డెక్‌సెట్_94
22 ఏళ్ల సర్వీసు అని ఎవరైనా చెప్పుకోవచ్చు. మా సెట్టులో ఎరుపు, నలుపే కరెంటు. ఇప్పటికీ పాడుతోంది.

పాతూరు_బ్యాటరీ (అనంతపురం)
ఎందుకప్పా గొడవ. సిరీస్ బల్బు పెట్టి, అంటే కరెంటు బల్బులోంచి పోయేలా చేసి ఇస్తే ఏదీ కాలదు. నేను 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెట్టుకున్నాను, ఆరు నెలలుగా దాంతోనే టెస్టింగు. బల్బు వెలిగిందంటే ట్రాన్స్‌ఫార్మర్ షార్టు, వెలగలేదంటే మంచిది. అలా ఈ మధ్యే రెండు చెడిపోయినవి పట్టుకుని పాత ఇనుముకు వేసేశాను.

ఎలక్ట్రికల్_డిప్లొమా
అన్నా, ఎల్‌ఈడీ బల్బుతో ఆ టెస్టు పని చేయదు. అందులో డ్రైవరు సర్క్యూటు ఉంటుంది. కొన్ని మిల్లీయాంపులు అందితే చాలు, వెలుగుతుంది, లేదా మినుకుమినుకుమంటుంది. మంచి ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఖాళీగా ఉన్నప్పుడు ఆ మాత్రం కరెంటు లాగుతుంది. ఫిలమెంట్ బల్బే కావాలి. 100 వాట్ల బల్బు పెడితే అవతల పూర్తిగా షార్టయినా అర యాంపు దాటదు. మంచిదైతే బల్బు ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది.

పాతూరు_బ్యాటరీ
పుస్తకంలో చదివి చెప్పొద్దు బాబూ. నువ్వు ఎన్ని సెట్లు రిపేరు చేశావు?

ఎలక్ట్రికల్_డిప్లొమా
సెట్ల లెక్క కాదన్నా. మీరు పాత ఇనుముకు వేసిన ఆ రెండూ మంచివే అయి ఉండొచ్చు.

తుంగభద్ర_గట్టు
డిప్లొమా అబ్బాయి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. రెండు మంచి ట్రాన్స్‌ఫార్మర్లు తూకానికి పోయాయి. పాపం.

పాతూరు_బ్యాటరీ
పాపం గీపం వద్దు సార్. ఒకటి నిజంగానే వేడెక్కేది. రెండోది... సరే, దాన్ని వదిలేయండి. అసలు ఫిలమెంట్ బల్బులు ఇప్పుడు ఏ షాపులో ఉన్నాయో చెప్పండి. నాలుగు షాపులు తిరిగితే నాలుగు చోట్లా ఎల్‌ఈడీ చేతిలో పెట్టి పంపారు. అందుకే అది వాడాను.

గుంతకల్లు_జంక్షన్
కోళ్ల ఫారాలకు సామాన్లు అమ్మే చోట అడగండి. పిల్లలకు వెచ్చదనం కోసం 60, 100 వాట్ల బల్బులు ఇప్పటికీ పెడతారు. నాకు అక్కడే దొరికాయి. అది సరే గానీ, ఈ చవితికి మా పందిరి దగ్గర ట్రాక్టరు మీద సెట్టు పెడుతున్నాం. పోయినేడు ఒకాయన 1000 వాట్లు అని చెప్పి ఇచ్చాడు. వెనక చూస్తే పీఎంపీఓ అని ఉంది, అంటే ఒక్క క్షణం వచ్చే గరిష్ఠ పవరు లెక్క. చెక్కభజన వాళ్ల తాళాల ముందు ఆ వెయ్యి వాట్లు వినపడితే ఒట్టు.

డెక్‌సెట్_94
పీఎంపీఓ అంటే దీపావళి టపాకాయ లాంటిది. ఒక్క ఢామ్, అంతే. నా 2ఎన్3055 సెట్టు 40 వాట్లే, వీధి చివరి దాకా వినిపిస్తుంది.

సీమ_స్పీకర్
అన్నలూ, రెండు 110 కాయిళ్లు సిరీస్‌లో కలపమన్నారు. ఏ కొస ఏ కొసకు కలపాలి? నలుపు తెలుపుకా, గోధుమకా? టీడీఏ7294 సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

మోటారు_వైండర్ (తాడిపత్రి)
ముందు పసుపు వైరు కొసన కొంచెం గీకి చూడు. ఎర్రగా ఉంటే రాగి, తెల్లగా మెరిస్తే అల్యూమినియం. టంకం పూసిన చోట చూడొద్దు, అక్కడ ఏదైనా తెల్లగానే కనపడుతుంది. మొన్న నేను కొన్న దాంట్లో పైకి రాగి రంగు వార్నిషు, లోపల అంతా అల్యూమినియం. అమ్మినాయన రాగి అని ప్రమాణం చేశాడు. ఇంటికొచ్చి గీకితే వెండిలా తెల్లగా ఉంది. ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

ఇక కొసల సంగతి. 230 దాకా ఎందుకు పోతావు? పాత చిన్న 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చుకో. ఫోను చార్జరు, అడాప్టరు పనికిరావు, అవి డీసీ. ఆ 12 ఏసీని నలుపు, ఎరుపుకు ఇవ్వు. తెలుపు, గోధుమ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. వస్తే రెండూ సమానమైన కాయిళ్లే. తర్వాత ఎరుపును తెలుపుకు ముడివేసి, నలుపు, గోధుమ మధ్య మీటరు పెట్టు. రెట్టింపు వస్తే అదే సరైన సిరీస్. సున్నా దగ్గర ఆగిందంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి, తెలుపు బదులు గోధుమను కలుపు.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఆ 12ను నారింజ లాంటి చిన్న కాయిలుకు ఇవ్వొద్దు. అది కూడా 12 వోల్టులదే అయితే అవతల 230 తయారవుతుంది. చిన్న వోల్టేజీయే కదా అని అటు వైర్లు చేత్తో పట్టుకున్నావంటే అంతే.

డెక్‌సెట్_94
కరెంటు ఇవ్వకుండానే నాకు షాకు కొట్టింది ఒకసారి, దానికేమంటారు? ముల్లు మీటరుతో ఓంలు చూస్తూ రెండు కొసలూ వేళ్లతో పట్టుకున్నాను. ప్రోబు తీయగానే చుర్రుమంది.

ఎలక్ట్రికల్_డిప్లొమా
అది మామూలే అన్నా. ముల్లు మీటరు తక్కువ ఓంల రేంజిలో బ్యాటరీ కరెంటును గట్టిగానే పంపిస్తుంది. ప్రోబు తీయగానే కాయిలు ఆ కరెంటును ఒక్కసారిగా వదలలేక పెద్ద వోల్టేజీగా తన్నుతుంది. డిజిటల్ మీటరులో అంత ఉండదు. అయినా వేళ్లతో పట్టుకోవద్దు.

గుంతకల్లు_జంక్షన్
ఆ ఆకుపచ్చ వైరు దండగ, కత్తిరించేయండి.

తుంగభద్ర_గట్టు
దండగ ఎందుకవుతుంది? అది ప్రైమరీకీ (కరెంటు ఇచ్చే కాయిలు) సెకండరీకీ (బోర్డుకు ఇచ్చే కాయిలు) మధ్య వేసిన రాగి రేకు వైరు. దాన్ని ఛాసిస్‌కు, ఎర్తుకు కలిపితే కరెంటు లైనులోంచి వచ్చే గరగర తగ్గుతుంది. కలపకుండా వదిలేయాలంటే టేపు చుట్టండి. కత్తిరించేస్తే మళ్లీ కావాలన్నప్పుడు దొరకదు. ఏది అడిగినా కత్తిరించు, ప్లగ్గు పెట్టు. ఇలా సలహాలిస్తే ఇళ్లు కాలతాయి.

గుంతకల్లు_జంక్షన్
ఇంత కోపమెందుకన్నా, ఒక్క వైరు గురించి.

సీమ_స్పీకర్
చేశాను. పాత బ్యాటరీ ఎలిమినేటరులోంచి తీసిన 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ దొరికింది, ఏ లోడూ లేకుండా అది 13.2 ఇస్తోంది. నలుపు, ఎరుపుకు ఇస్తే తెలుపు, గోధుమ మధ్య 13.1. ఎరుపు, తెలుపు కలిపితే మీటరు 0.1 చూపించింది. ట్రాన్స్‌ఫార్మర్ పోయిందేమోనని టెన్షన్ వచ్చింది. వైండర్ మామ చెప్పినట్టు ఎరుపును గోధుమకు మార్చి కలిపి, నలుపు, తెలుపు మధ్య చూస్తే 26.3! పసుపు, పసుపు మధ్య 6.6, నీలం నుంచి చెరొక 3.3. నారింజ 1.45. పసుపు గీకి చూశాను మామా, ఎర్రగా ఉంది.

మోటారు_వైండర్
భేష్. ఇప్పుడు నలుపు, తెలుపుకే 230. ఎరుపు, గోధుమ అతుక్కు టేపు గట్టిగా చుట్టు. ఒక్కో కాయిలుకు 115 వస్తుంది, అంటే నువ్వు ఇచ్చిన 13.2కు దాదాపు 8.7 రెట్లు. 6.6ను 8.7తో గుణిస్తే 57, అంటే నీలం నుంచి చెరొక వైపు 28, మన భాషలో 28-0-28 అనుకో, ఇంకొంచెం ఎక్కువే. నారింజ పన్నెండున్నర, బాస్ ట్రెబుల్ బోర్డుకు సరిగ్గా పనికొస్తుంది.

సీమ_స్పీకర్
టీడీఏ7294?

ఎలక్ట్రికల్_డిప్లొమా
అంచు మీద ఉంది బ్రో. ఈ ఏసీని బోర్డు కోసం డీసీగా మారిస్తే 1.414 రెట్లు అవుతుంది. 28.7ను 1.414తో గుణిస్తే 40.6, డయోడ్లు తినేది పోగా అటూ ఇటూ చెరొక 40. ఆ ఐసీ పనిచేసే పరిమితి కూడా ప్లస్, మైనస్ 40 వోల్టులే. మా వీధిలో అర్ధరాత్రి 245 ఉంటుంది, అప్పుడు నీ లెక్క 42 దాటుతుంది. సిగ్నల్ లేనప్పుడు 50 దాకా తట్టుకుంటుంది కానీ, పందిరిలో రాత్రంతా వాయించే దానికి నేనైతే పెట్టను. 5200, 1943 ట్రాన్సిస్టర్ల బోర్డు తీసుకో. ఫిల్టరు కెపాసిటర్లు 63 వోల్టులవి వెయ్యి. 35వి వేశావంటే బాణసంచా.

డెక్‌సెట్_94
నాకైతే ఇప్పటికీ 2ఎన్3055యే ఇష్టం.

తుంగభద్ర_గట్టు
మొదటిసారి 230 ఇచ్చేటప్పుడు సిరీస్ బల్బు మరిచిపోవద్దు. ఫిలమెంట్ బల్బు. మళ్లీ చెప్తున్నా, ఫిలమెంట్.

పాతూరు_బ్యాటరీ
అర్థమైంది సార్, నా మీద ఎందుకు పడతారు. గుంతకల్లు అన్నా, ఆ కోళ్ల ఫారం షాపు ఏ రోడ్డులో ఉంది?

సీమ_స్పీకర్
ఇచ్చాను. 60 వాట్ల బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. బల్బు తీసేసి నేరుగా ఇస్తే నీలం నుంచి చెరొక 29.1. గంట నుంచి ఆన్‌లోనే ఉంది, పైన చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది. టీడీఏ బోర్డు మాత్రం కొనేసి ఉన్నాను. ఎవరికైనా కావాలా?