జర్మన్‌లో ‘ఆన్ డేర్ వాండ్’ ఒకచోట రైటు, ఇంకోచోట తప్పు. ఎందుకు?

బీ1 అభ్యర్థి: సాయంత్రం నుంచి ఇదే పట్టుకుని కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. జర్మన్‌లో గోడ అంటే ‘డీ వాండ్’ కదా, ‘డీ’ అంటే స్త్రీలింగ ఆర్టికల్. ‘ఆన్ డేర్ వాండ్’ (గోడ మీద) అని రాస్తే ఒక ప్రశ్నలో రైటు, తర్వాతి దాంట్లో తప్పు. అదే గోడ, అదే బొమ్మ! అసలు స్త్రీలింగ పదానికి పుంలింగ ఆర్టికల్ ‘డేర్’ ఎందుకొస్తుంది? వచ్చే వారమే జర్మన్ బీ1 స్థాయి పరీక్ష, ఒకటే టెన్షన్.

డ్యుసెల్‌డోర్ఫ్ వాసి: వాక్యాలు మొత్తం పెట్టండి.

పదాల పిచ్చి: ముందు లింగం మీద పట్టు రావాలండీ. -ఉంగ్, -హైట్, -కైట్‌తో ముగిస్తే స్త్రీలింగం. -షెన్ వస్తే నపుంసకం. అందుకే ‘దాస్ మేట్‌షెన్’, అమ్మాయి నపుంసకలింగం. అందరూ దీన్ని వింత అంటారు, మనకెందుకు వింత? అమ్మాయి వచ్చింది, కుక్క వచ్చింది అనేది మనమే కదా! ప్రతి నామవాచకాన్నీ ఆర్టికల్‌తోనే రాసుకోండి.

బీ1 అభ్యర్థి: లింగం తెలుసండీ, నా సమస్య అది కాదు. రెండింట్లోనూ క్రియ ‘హెంగన్’ కాబట్టి వాక్యాలు పెట్టలేదు. ‘దాస్ బిల్డ్ హెంగ్ట్ ఆన్ డేర్ వాండ్’ (బొమ్మ గోడ మీద వేలాడుతోంది) రైటు. ‘ఇష్ హెంగె దాస్ బిల్డ్ ఆన్ డేర్ వాండ్’ (నేను బొమ్మను గోడకు తగిలిస్తున్నాను) తప్పు.

డ్యుసెల్‌డోర్ఫ్ వాసి: రెండోది ‘ఆన్ డీ వాండ్’. తగిలిస్తే అక్యూజటివ్ విభక్తి, వేలాడుతుంటే డేటివ్ విభక్తి.

ట్యూషన్ అక్క: అవును. హెంగన్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. భూతకాలంలో విడిపోతుంది చూడండి: తగిలించాను అంటే ‘హెంగ్టె’, వేలాడింది అంటే ‘హింగ్’. ఇక ఆ ‘డేర్’కి పుంలింగంతో సంబంధం లేదు, స్త్రీలింగ ‘డీ’యే డేటివ్‌లో అలా మారుతుంది. ఆన్, ఔఫ్, ఇన్, హింటర్, నేబెన్, ఊబర్, ఉంటర్, ఫోర్, ట్స్విషెన్, ఈ తొమ్మిది ప్రిపొజిషన్లతోనే (మీద, లో, కింద లాంటి మాటలు) ఈ తిప్పలు. కదలిక ఉంటే అక్యూజటివ్ అని చెప్పేస్తుంటారు, అది నమ్మొద్దు. పార్కులో పరిగెడితే కాళ్లు కదులుతున్నా ‘ఇమ్ పార్క్’, డేటివే. పార్కులోకి పరిగెడితే ‘ఇన్ డేన్ పార్క్’. ‘లో’, ‘లోకి’ తేడా తెలిసినవాళ్లం, మనకిది సులువు. పెట్టడం దగ్గర మాత్రం జాగ్రత్త. పాలు ఫ్రిజ్‌లో పెట్టాను అంటాం, లోకి అనం. జర్మన్‌లో అక్కడ అక్యూజటివే రావాలి.

వ్యాకరణాభిమాని: ద్వితీయ, చతుర్థి అని మన పేర్లుండగా ఈ అక్యూజటివ్‌లూ డేటివ్‌లూ ఎందుకు?

డ్యుసెల్‌డోర్ఫ్ వాసి: గోడ మీద ఉంది అంటే సప్తమి. ‘మిట్’ (తో) తర్వాత వస్తే తృతీయ. జర్మన్‌లో రెండూ డేటివే. చతుర్థి అంటే ఇంకా తికమక.

వ్యాకరణాభిమాని: ఒక విభక్తికి నాలుగు అర్థాలు ఉండకూడదా? పేరు పేరే.

పదాల పిచ్చి: మన పుస్తకాల్లో కి, కు షష్ఠిలో ఉన్నాయి. చతుర్థిలో కొరకు, కై. అలాంటప్పుడు డేటివ్ చతుర్థి ఎలా అవుతుంది?

వ్యాకరణాభిమాని: అది వేరే చర్చ. సంస్కృతం లెక్కన చెప్తున్నాను.

బీ1 అభ్యర్థి: అర్థమైంది అక్కా, థాంక్స్. మిగతావి చేసుకుంటా.

కొత్త సభ్యుడు: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. బస్సు కోసం కదలకుండా నిలబడి ఎదురుచూస్తున్నా ‘వార్టెన్ ఔఫ్ డేన్ బుస్’ అంటారే, అక్కడ అక్యూజటివ్ ఎందుకు?

డ్యుసెల్‌డోర్ఫ్ వాసి: ఆ ‘లో’, ‘లోకి’ నియమం దీనికి పనిచేయదు. క్రియతో కలిపి బట్టీ పట్టాలి.