స్వీట్ హోమ్ అలబామా మూడో చరణం: ‘మేము’ అనాలా, ‘మనం’ అనాలా?

లినర్డ్ స్కినర్డ్ అనే అమెరికా రాక్ బృందం 1974లో విడుదల చేసిన ‘సెకండ్ హెల్పింగ్’ ఆల్బమ్‌లోని మొదటి పాట ‘స్వీట్ హోమ్ అలబామా’ను తెలుగు చేయబోతే, మూడో చరణంలో ఒక చిన్న సర్వనామం దగ్గర కలం ఆగిపోతుంది. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ నగరంలో వాళ్లకు గవర్నరంటే ప్రేమ అని గాయకుడు రానీ వాన్ జాంట్ అంటాడు. వెనుక నుంచి గాయనుల గొంతులు ‘బూ బూ బూ’ అంటాయి. ఆ వెంటనే, చేయగలిగింది అందరం చేశాం అనే అర్థం వచ్చే మాట వస్తుంది. ఆ ‘అందరం’లో వింటున్నవాడు ఉన్నాడో లేడో ఇంగ్లీషు చెప్పదు. తెలుగు అడిగి మరీ చెప్పిస్తుంది. ‘చేశాం’ అనే క్రియారూపం రెండింటికీ ఒకటే కాబట్టి సర్వనామాన్ని వదిలేస్తే సరిపోతుందని ఎవరైనా అనవచ్చు గానీ, ‘అందరం చేశాం’ అని విడిగా చదివినప్పుడు దాని ముందు ‘మనం’ తనంతట తానే వచ్చి చేరుతుందని నాకనిపిస్తుంది. అందుకే ఇక్కడ ‘మేము’ అని స్పష్టంగా రాయాలన్నది నా అభిప్రాయం.

కెనడా గాయకుడు నీల్ యంగ్ 1970లో ‘సదర్న్ మ్యాన్’, 1972లో ‘అలబామా’ అనే పాటల్లో అమెరికా దక్షిణాది తెల్లవారి జాతి దురహంకారాన్ని తీవ్రంగా విమర్శించాడు. ఈ పాట వాటికి జవాబుగా పుట్టింది. ఒకటి రెండు బాతులను కొట్టడానికి యంగ్ అన్నింటినీ కాల్చేస్తున్నాడని వాన్ జాంట్ అప్పట్లో అన్న మాటకు, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమనే మన సామెత చక్కగా సరిపోతుంది. విశేషమేమిటంటే, పాట రాసిన ముగ్గురిలో ఒక్కరూ అలబామా వారు కారు. వాన్ జాంట్, గ్యారీ రాసింగ్టన్ ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ నుంచి వచ్చినవారు, ఎడ్ కింగ్ కాలిఫోర్నియా వాడు. కాబట్టి గవర్నరును ప్రేమించేది ‘వాళ్లు’ అన్నప్పుడు ఆ దూరం నిజమైన దూరమే.

ఇక తరువాతి పాదాలు చూడండి. అధ్యక్షుడు నిక్సన్‌ను చుట్టుముట్టిన వాటర్‌గేట్ కుంభకోణం తనను బాధించడం లేదని చెప్పి, నీ మనస్సాక్షి నిన్ను బాధిస్తోందా, నిజం చెప్పు అని గాయకుడు నిలదీస్తాడు. అంటే ఒకే చరణంలో ముగ్గురున్నారు: బర్మింగ్‌హామ్ ‘వాళ్లు’, దక్షిణాది ‘మేము’, వేలెత్తి చూపే ఉత్తరాది ‘మీరు’. నిక్సన్‌ను గెలిపించిన దేశమంతా నల్లవారిని వేరుగా ఉంచాలన్న అలబామా గవర్నరు జార్జ్ వాలెస్ ఒక్కడి కోసం దక్షిణాదిని తప్పుపట్టడమేమిటన్నది ఇక్కడి వాదం. ఎదుటివాడిని ఇంత సూటిగా అడగబోతున్నవాడు అంతకు ముందు పాదంలో అతడిని ‘మనం’ అని తనలో కలుపుకోడు. పాటలో అంతకు ముందే నీల్ యంగ్‌ను ‘మిస్టర్’ అని ప్రస్తావించారు గనుక, ఇక్కడ ‘నీ’ కన్నా ‘మీ’ నయం. అది మర్యాదకూ పనికొస్తుంది, బహువచనానికీ పనికొస్తుంది.

ఇదే ఆల్బమ్‌లోని ‘ద బాలడ్ ఆఫ్ కర్టిస్ లో’ అనే పాట కూడా నా వాదానికి తోడొస్తుంది. అందులో ఒక తెల్ల పిల్లవాడు ఖాళీ సీసాలు ఏరి అమ్మి, ఆ డబ్బులు ఒక నల్లజాతి ముసలి గిటారు వాద్యకారుడికి ఇచ్చి పాట వింటాడు. ముసలివాణ్ణి పనికిమాలినవాడన్న జనాన్ని ‘వాళ్లు’ అని వేరు చేసి, వాళ్లే మూర్ఖులంటాడు. అక్కడా ‘వాళ్లు’ అనేది గాయకుడు తన నుంచి దూరంగా నెట్టే మాటే.

దీనికి అభ్యంతరం లేకపోలేదు, అది బలమైనదే. ఈ బృందం వేదిక మీద కాన్ఫెడరేట్ జెండా, అంటే అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి పోరాడిన దక్షిణాది రాష్ట్రాల జెండా, పెట్టుకునేది. దాన్ని చూసిన శ్రోత ఆ ‘మేము’ను వాలెస్ మనుషుల ‘మేము’గా వింటే తప్పు పట్టలేం. ఇక్కడే క్రియ ఎంపిక కీలకమవుతుంది. ‘మా చేతనైనంత చేశాం’ అంటే ప్రయత్నించి ఓడిపోయినవారి మాటలా ఉంటుంది. ‘మేం చేయగలిగింది చేశాం’ అంటే ఎటు వైపు చేశారో తేలకుండా ఉంటుంది. ఆల్బమ్ నిర్మాత ఆల్ కూపర్ ఆ పాదం అస్పష్టమైనదేనని ఒప్పుకుంటూనే, వాలెస్‌ను దించడానికి ప్రయత్నించామన్న అర్థంలోనే తాను తీసుకున్నానని చెప్పాడు. ఆ అర్థమే నాకూ ఇష్టం. అయినా అనువాదంలో రెండో రూపమే వాడతాను, ఎందుకంటే మూలం దాచిన దాన్ని బయటపెట్టే హక్కు అనువాదకుడికి లేదు.

‘బూ’ సంగతి ఇంకా జటిలం. మెర్రీ క్లేటన్, క్లైడీ కింగ్ వంటి నల్లజాతి గాయనులు ఈ పాటకు వంత పాడారు. 1963లో ఇదే బర్మింగ్‌హామ్‌లో చర్చి వద్ద బాంబు పెట్టి నలుగురు నల్లజాతి బాలికలను చంపారు. అలబామా పేరెత్తే పాట పాడటానికి క్లేటన్ మొదట ఇష్టపడలేదని తరువాత ఆమే చెప్పింది. అలాంటి గొంతుల నిరసనను ‘బూ’ అని అలాగే ఉంచితే తెలుగులో బూచిని పిలిచినట్టు ఉంటుంది. ‘డౌన్ డౌన్’ అంటే మన ఊరేగింపు నినాదమైపోతుంది. ‘ఛీ ఛీ ఛీ’ అన్నదే క్లుప్తంగా, లయకు సరిపడేలా ఉంది.

గవర్నర్ అనగానే మనకు రాజ్‌భవన్ గుర్తొస్తుంది, కానీ అక్కడి గవర్నరు ఓట్లతో గెలిచి రాష్ట్రాన్ని పాలించేవాడు. ముఖ్యమంత్రి అని మార్చడం సరికాదు కాబట్టి మాటను అలాగే ఉంచి, జార్జ్ వాలెస్ ఎవరో కింద ఒక వాక్యంలో చెబితే చాలు. ఆ పాదాలు నేను రాస్తే ఇలా ఉంటాయి: ‘బర్మింగ్‌హామ్‌లో వాళ్లకు గవర్నరంటే ప్రేమ, ఛీ ఛీ ఛీ, మేం చేయగలిగింది మేమంతా చేశాం.’ ‘మేమంతా’ అన్నది లయకు బరువనిపించినవారు వేరే కూర్పు సూచిస్తే సంతోషిస్తాను.