నలుగురు ఏమనుకుంటారో అన్న భయం కాలేజీ పిల్లలకు మేలా, కీడా?

అమలాపురం లెక్చరర్:
క్లాసు చివర "డౌట్లున్నాయా?" అంటే ఒక్క చెయ్యి లేవదు. బెల్లు కొట్టాక మాత్రం వరండాలో వెనకాలే వచ్చి, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, మొదట్లో చెప్పిందే అర్థం కాలేదంటారు. అందరి ముందూ అడిగితే ఇంగ్లీషు తడబడుతుందని, "వీడికి ఇది కూడా రాదా" అనుకుంటారని భయం. అక్కడితో అయిపోదు. సబ్జెక్టు పోతుంది, ఇంట్లో చెప్పరు, సప్లిమెంటరీ ఫీజుకు డబ్బులడగలేక గడువు దాటబెడతారు. చురుకైన పిల్లలు ఇలా వెనకబడిపోతుంటే మనసుకు కష్టంగా ఉంది.

నిజానికి మనల్ని అంతమంది చూడరు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2000లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. వేసుకోవడానికి నామోషీగా ఉండే బొమ్మ టీషర్టు తొడిగించి, ఒక్కో విద్యార్థినీ తోటివాళ్లున్న గదిలోకి పంపారు. ఇంచుమించు సగం మంది గమనించి ఉంటారని వాళ్లనుకున్నారు. గమనించింది నాలుగో వంతు మందే. కాబట్టి ఈ భయాన్ని పిల్లల్లోంచి తీసెయ్యాలంటాను. మీరేమంటారు?

తణుకు రైతు:
తీసెయ్యకూడదంటాను మాస్టారూ. మా రోజుల్లో కాలవగట్టు మీద సిగరెట్టు ముట్టించాలన్నా ఎవరైనా చూసి నాన్నకి చెబుతారేమోనని హడలిపోయేవాళ్లం. ఆ జంకే చాలామందిని నిలబెట్టింది. తల్లిదండ్రులు చదువుకోని ఇళ్లల్లో పిల్లాడు కాలేజీకి వెళ్తున్నాడా లేదా అని ఊరే కనిపెట్టి ఉండేది. ఊరుగాని ఊళ్లో అడిగేవాడు లేక చెడిపోయిన కుర్రాళ్లని ఎంతమందినో చూశాను. క్లాసులో చెయ్యెత్తే భయం పోగొట్టండి, సంతోషం. ఊరి భయం మాత్రం ఉండాల్సిందే.

నరసాపురం వైపు అమ్మాయిని, బీటెక్ మూడో ఏడాది:
మాస్టారూ, ఆ టీషర్టు ప్రయోగం మా ఊరికి అతకదండి. ఆ గదిలో ఉన్నవాళ్లెవరికీ ఆ విద్యార్థి నాన్నగారి ఫోన్ నంబరు తెలీదు కదా. ఇక్కడ బస్సు దిగి, జెరాక్స్ షాపు దగ్గర ప్రాజెక్టు కాగితాల కోసం క్లాస్‌మేట్ అబ్బాయితో కాసేపు నిలబడితే, నేను ఇంటికి చేరేసరికే కబురు వచ్చేసి ఉంటుంది. "మీ అమ్మాయిని సెంటర్లో చూశానండీ." అంతే. తప్పుమాట ఒక్కటీ ఉండదు. కానీ ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినరు. అదే సెంటర్లో మా అన్నయ్య చీకటి పడేదాకా కూర్చుంటాడు, వాడి గురించి ఎవరూ కబురు పంపరు. హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్ వస్తే, "ఒక్కదాన్నే పంపేశారట అంటారు" అని ఇంట్లో వద్దన్నారు. మా అమ్మకి నా మీద నమ్మకం లేక కాదు. మాట పడాల్సింది తనే కాబట్టి.

బాబాయ్‌గారూ, ఈ భయం తప్పు చెయ్యకుండా ఆపుతుందని మీరంటున్నారు. నేను చూసినంతలో అది జరిగింది చెప్పుకోకుండా ఆపుతుంది. నా ఫ్రెండు ఫోటోని ఒకడు మార్చి, బయటపెడతానని బెదిరించాడు. తను వారాల తరబడి ఎవరికీ చెప్పలేదు. "ముందు నిన్నే అంటారు" అని వాడే మెసేజ్ పెట్టాడు. వాడి ధైర్యమంతా ఆ మాటే.

తణుకు రైతు:
ఆ ఫోటో సంగతి చదివి కడుపు మండిపోయిందమ్మా. అలాంటివాడికి ఊరి నోరు అండ కాకూడదు. అయినా భయమే లేకపోతే వాడిలాంటి వాళ్లు ఇంకా రెచ్చిపోతారనే నా మాట.

అమలాపురం లెక్చరర్:
ఆ అమ్మాయికి ముందు ఈ విషయం చెప్పమ్మా: కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ల మీద జరిగే ఇలాంటి నేరాలకు పేరు బయటపెట్టకుండానే ఫిర్యాదు చేసే వీలుంది. ఇంకో మాట. జనం ముందుకు రావాలంటే గుండెదడ, వణుకు, వైవా ఉందంటే కాలేజీ ఎగ్గొట్టడం, ఇవి ఆర్నెల్లకు పైగా సాగితే దాన్ని మొహమాటమని వదిలెయ్యొద్దు. చికిత్సతో తగ్గే ఇబ్బంది అది. మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

నువ్వన్నట్టు చూసేవాళ్లు నిజంగానే ఉన్నప్పుడు, "పట్టించుకోకు" అని నేను చెప్పే సలహా చాలదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు వీరేశలింగం గారికి వెలి తప్పలేదు. అంతటి మనిషికీ పక్కన నిలబడ్డ విద్యార్థులున్నారు, కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్య గారి ధనసాయం ఉంది. పందొమ్మిదేళ్ల పిల్లని ఒంటరిగా నలుగురినీ ఎదిరించమనడం న్యాయం కాదు. తోడు చూపించాల్సింది మేమే. మీ ఇంటర్న్‌షిప్‌కి ఇంకెవరైనా అమ్మాయిలు అడుగుతున్నారా? కాలేజీ నుంచి ఒక మేడమ్ ఇళ్లకు వచ్చి, ఉండేదెక్కడో, తోడెవరో చెబితే పెద్దవాళ్లకీ పదిమందికి చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. నా క్లాసులో అయితే రేపటి నుంచి డౌట్లు పేరు లేకుండా చీటీల మీద రాసి ఇమ్మంటాను.

నరసాపురం వైపు అమ్మాయి:
ఇంకో ఇద్దరున్నారండి. ముగ్గురం కలిసి ప్లేస్‌మెంట్ మేడమ్‌ని సోమవారం అడుగుతాం, ముందు మా ఇంటికే రమ్మంటాను. చీటీలు మాత్రం వద్దు మాస్టారూ, పక్కవాళ్లు చేతిరాత గుర్తుపట్టేస్తారు. గూగుల్ ఫారం పెట్టండి, అందులో ఈమెయిల్ తీసుకునే ఆప్షన్ ఆపేసి.