చలికాలం దాటితే మన గోదావరి డెల్టాలో పక్షులు ఉండవా? 70-300 లెన్స్‌తో మిగతా నెలల్లో ఏం తీయాలి?

పొన్నచెట్టు:
అందరికీ నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, ఉద్యోగం రాజమండ్రిలో, ఆదివారాలు ఇంటికొస్తుంటాను. ఈ మధ్యే సెకండ్‌హ్యాండ్‌లో ఒక కెమెరా, 70-300 ఎంఎం జూమ్ లెన్స్ కొన్నాను. ఎవర్ని అడిగినా ఒకటే మాట: డిసెంబర్లో కోరింగ మడ అడవులకి వెళ్ళు, జనవరిలో కొల్లేరు దగ్గర ఆటపాక వెళ్ళు, గూడబాతులు (పెలికాన్లు) ఉంటాయి అని. సరే, వెళ్తాను. అప్పటిదాకా కెమెరా బీరువాలో పెట్టి తాళం వేసుకోవాలా? ఇప్పుడు జూన్, మా కాలువకి నీళ్ళొదిలారు, చేలల్లో కొంగలు తప్ప ఇంకేమీ కనబడట్లేదు. పోనీ వాటినే తీద్దామంటే పచ్చటి చేలో సున్నం ముద్దలు పెట్టినట్టు వస్తున్నాయి, ఒక్క ఈక కూడా విడిగా తెలియట్లేదు. 600 ఎంఎం లెన్స్ లేకుండా పక్షుల జోలికి రావద్దని ఒకాయన అన్నాడు, దాని రేటు చూస్తే టెన్షన్ వచ్చింది. నిజంగా లెన్స్ మార్చాలా, లేక నేను తిరిగే చోటు మార్చాలా?

గట్టుమీద బాబాయ్:
కొంగలు తప్ప ఏం లేవంటావేంటి బాబూ, ఏడాదిలో వాటిని చూడాల్సింది ఇప్పుడే కదా! గేదెల వెంట తిరిగే చిన్న కొంగ చలికాలంలో ఒళ్ళంతా తెల్లగా ఉంటుంది. ఇప్పుడు జత కట్టే కాలం కాబట్టి తల, మెడ, వీపు నారింజ రంగుకి తిరిగి ఉంటాయి, ముక్కు కూడా ఎర్రబడుతుంది. డిసెంబర్లో ఎంత వెతికినా ఆ రంగు దొరకదు.

మన దగ్గర నెల చూసి కాదు, నీళ్ళు ఎటు పోతున్నాయో చూసి బయల్దేరాలి. ధవళేశ్వరంలో కాలువలకి వదిలాక ఎగువ ఊళ్ళలో ముందు దమ్ము (నాట్లకి ముందు నీళ్ళు పెట్టి బురద దున్నడం) మొదలవుతుంది, కాలువ చివరనుండే శివారు చేలకి ఆ పని వచ్చేసరికి ఒక్కో ఏడు జూలై కూడా దాటిపోతుంది. కొంగలు కూడా అదే వరసలో కిందికి దిగుతాయి. ట్రాక్టరు ఇనప చక్రాలతో మడిలో తిరుగుతుంటే బురదలోంచి లేచే పురుగులకీ కప్పలకీ దాని వెనకాలే ఎగబడతాయి, ఆ హడావుడిలో గట్టు మీద గొంతుక్కూర్చున్న మనిషిని అస్సలు లెక్కచేయవు. నీ 300 చాలు, ఒక్కోసారి 300 పెడితే రెక్కలు ఫ్రేములో పట్టవు కూడా.

నత్తగుల్ల కొంగ కనబడితే మాత్రం నాలుగు ఫొటోలు తీసుకుని లేచిపోకు. దాని ముక్కు మూసినా మధ్యలో సందు అలాగే ఉంటుంది. బురదలో ముక్కు పెట్టి తడుముకుంటూ నత్తని పట్టుకుంటుంది, దాన్ని నేలకి అదిమిపెట్టి చాలాసార్లు గుల్ల పగలకుండానే కింది ముక్కు కొనతో లోపలి కండని లాగేస్తుంది. అంతా అయ్యేసరికి కాసేపు పడుతుంది, అంతసేపూ తల వంచుకునే ఉంటుంది కాబట్టి నువ్వు ఫోకస్ సరిచేసుకోవడానికి బోలెడు టైము.

నాట్లు అయ్యాక గిజిగాళ్ళ పని మొదలు. తాడిచెట్టుకో, కాలువ మీదికి వంగిన తుమ్మకో గూళ్ళు వేలాడతాయి. మగదానికి నెత్తి మీద పసుపు రంగు వస్తుంది. వరి ఆకు అంచుని కొరికి పట్టుకుని ఎగిరిపోతే సన్నటి పోగు చీలి వస్తుంది, దాంతోనే అల్లుతుంది. గూడు సగం అయ్యాక ఆడది వచ్చి చూసి, నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. ఈ బేరం గంటల తరబడి చూడొచ్చు.

వరద గోదావరి వచ్చినప్పుడు లంకల్లోకి వెళ్ళకు, అంతే. ఇక ఏప్రిల్లో కాలువకి నీళ్ళు ఆపేశాక అడుగున మడుగులు మిగులుతాయి చూడు, చేపలన్నీ అందులోనే ఇరుక్కుంటాయి. లకుముకి పిట్టలు, కొంగలు, నీటికాకులు అన్నీ ఒకచోటే. వంతెన మీద నిలబడి కిందికి తీయొచ్చు. వేసవిలో గోదావరి ఇసుక మేటల మీద రివర్ టెర్న్‌లు అనే పక్షులు గుడ్లు పెడతాయి, పాయ ఎండితే నడిచే వెళ్ళిపోవచ్చు.

కాకినాడ రేవు:
బాబాయ్ గారు చేల సంగతి చెప్పేశారు, నేను సముద్రం వైపు చెప్తా. కోరింగ వెళ్ళిన చాలామంది చెక్క వంతెన మీద నడిచి, బోటెక్కి, పక్షులు దూరంగా చుక్కల్లా ఉన్నాయని తిట్టుకుంటూ వస్తారు. వాళ్ళు ఆటుపోట్లు చూసుకోరు. నీళ్ళు తీసినప్పుడు బురద నేల ఎంతదూరం బయటపడితే ఉల్లంకి పిట్టలు (బురదలో మేసే పొడుగు ముక్కు పిట్టలు) అంతదూరం చెదిరిపోతాయి. పోటు ఎక్కేకొద్దీ నేల తరిగి ఒడ్డు వైపు జరుగుతాయి. పూర్తి పోటుకి రెండు గంటల ముందే చేరుకుని కదలకుండా కూర్చుంటే అవే దగ్గరికొస్తాయి. పోటు టైము రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా పైకొస్తాయి. ఒక్క చొల్లంగి అమావాస్య నాడు మాత్రం రాకండి, తీర్థానికొచ్చిన జనం తప్ప ఇంకేమీ కనబడదు.

ఇంకోటి. మనది తూర్పు తీరం. పొద్దున్నే బీచ్‌కెళ్ళి సముద్రం వైపు కెమెరా పెడితే ఎండ ఎదురు, పక్షులన్నీ నల్లగా వస్తాయి. అటు వైపు తీయాలంటే మూడున్నర తర్వాత వెళ్ళండి.

చలికాలం వస్తే యానాంలో, కాకినాడ చేపల రేవులో గోధుమ తల గల్ (బ్రౌన్ హెడెడ్ గల్) పక్షులు పడవల చుట్టూ తిరుగుతాయి. వచ్చినప్పుడు తల తెల్లగా ఉండి కంటి వెనక ఒక మచ్చ ఉంటుంది, మార్చిలో టిబెట్, లదాఖ్ వైపు తిరిగి వెళ్ళేముందు తలంతా గోధుమ రంగు ముసుగేసుకుంటాయి. అందరూ డిసెంబర్లో తీసి ఊరుకుంటారు, నన్నడిగితే మార్చే బాగుంటుంది.

తెల్ల కొంగ సంగతి: చుట్టూ ముదురు పచ్చ ఉండేసరికి కెమెరా మొత్తాన్ని వెలుగు చేసేస్తుంది, కొంగ తేలిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 0.7 నుంచి 1 దాకా తగ్గించండి. వెనక తెల్లటి మబ్బు ఉండగా కరెంటు తీగ మీద కూర్చున్న నల్ల ఏట్రింతకైతే ప్లస్ 1. ఎగిరేవాటికి షట్టర్ వేగం సెకనులో 1/2000, వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచండి, కొంచెం గ్రెయిన్ వచ్చినా ఫర్వాలేదు.

మడ అడవి:
బాబాయ్ గారూ, మీరంటే గౌరవమే గానీ ఇసుక మేటల మీద నడిచి వెళ్ళమని కొత్తవాళ్ళకి చెప్పకండి. రివర్ టెర్న్ గుడ్లు ఇసుకలో కలిసిపోయి ఉంటాయి, అడుగు దూరంలో ఉన్నా తెలియవు. మనం వెళ్ళేసరికి తల్లి లేచిపోతుంది, ఏప్రిల్ ఎండకి ఆ గుడ్డు అక్కడే పాడవుతుంది, లేదంటే కాకి పట్టుకుపోతుంది. గట్టు దిగకుండా దూరం నుంచి తీస్తే చాలు. గిజిగాడి గూటికి అడ్డమొస్తోందని కొమ్మ విరిచే ఫొటోగ్రాఫర్లని నా కళ్ళతో చూశాను, ఒళ్ళు మండిపోయింది.

పొన్నచెట్టు గారూ, మీ వైపు రొయ్యల చెరువులుంటాయి కదా. రొయ్యలు పట్టేసి నీళ్ళు తోడేశాక అడుగు ఆరేదాకా కొంగలు, చలికాలమైతే ఉల్లంకి పిట్టలు కూడా దిగుతాయి. కాపలా ఆయనకి చెప్పి గట్టు మీదే ఉండండి. రొయ్యలున్న చెరువుల్లోకి మాత్రం వెళ్ళకండి, పైన పక్షులకి కట్టిన తీగలుంటాయి, పైగా మనల్ని దొంగలనుకుంటారు.

వానాకాలంలో లెన్స్‌కి ఫంగస్ పడుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెప్తే వినకండి, ఆ తవుడంతా లెన్స్‌కి పడుతుంది.

పొన్నచెట్టు:
చాలా థాంక్స్ అండి అందరికీ, లెన్స్ సంగతి వదిలేశాను. వచ్చే ఆదివారం మా చుట్టుపక్కల దమ్ము ఎక్కడ దొరుకుతుంది బాబాయ్ గారూ?

గట్టుమీద బాబాయ్:
కొత్తపేట, రావులపాలెం వైపు ఇప్పుడు జోరుగా నడుస్తోంది, నువ్వొచ్చేసరికి కొంత మిగిలుంటుంది. కాట్రేనికోన వైపు శివారు కాబట్టి ఇంకా టైముంది, అక్కడికి జూలైలో వెళ్ళు. ఏడింటికల్లా చేలో ఉండాలి, ఎనిమిదిన్నరకి డ్రైవర్ టిఫిన్‌కి దిగితే కొంగలు కూడా లేచిపోతాయి. మడ అడవి అమ్మాయి చెప్పినట్టే ఇసుక మేటల జోలికి పోకు, గట్టు నుంచే తియ్యి.